ఎనిమిదో నంబరు సూదులు

జనవరి 9, సాయంత్రం 5:30

నాకు డైరీ రాసే అలవాటు లేదు. లాగ్ బుక్ రాసే అలవాటుంది. ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు లేత్ మీద పనిచేశాను. తేదీ, టైము, ఏం జరిగింది, ఎందుకు జరిగింది. అంతకు మించి రాయడం తెలియదు. చేతికి ఏదో ఒక పని లేకపోతే ఈ వార్డు బయట బెంచీ మీద కూర్చోలేను కాబట్టి రాస్తున్నాను.

ఉదయం 7:40. మా ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటోంది. నేను షూ లేసు కట్టుకుంటున్నాను. టంగుమని ఒక సూది నేల మీద పడింది. తీసిద్దామని వంగాను. లేచి చూసేసరికి ఆమె మొహం ఒక పక్కకి జారిపోయి ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులాగా.

8:05 అంబులెన్స్. 8:30 హాస్పిటల్. స్ట్రోక్ అన్నారు. మెదడు ఎడమ వైపు. తొందరగా తెచ్చి మంచి పని చేశారని డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. ఏం మంచి పనో నాకు అర్థం కాలేదు. సూది పడడానికి పదినిమిషాల ముందు ఆమెని చక్కెర డబ్బా మూత సరిగా పెట్టలేదని విసుక్కున్నాను.

ఎందుకు జరిగింది అన్న కాలమ్ ఖాళీ.

జనవరి 10

నిద్రపోతూనే ఉంది. అమ్మాయి రైలు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది.

జనవరి 11, మధ్యాహ్నం 2:15

కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది, అది మాత్రం ఖాయం. ఏమైనా కావాలా అని అడిగాను. పెదాలు కూడదీసుకుని, చాలా శ్రద్ధగా, ఒక మాట అంది.

"పద్నాలుగు."

ఏం పద్నాలుగు అన్నాను. పద్నాలుగు అంది. మంచినీళ్ళు కావాలా అంటే పద్నాలుగు. నొప్పిగా ఉందా అంటే పద్నాలుగు. ఈ అమ్మాయి ఎవరమ్మా అని నర్సు అడిగితే, కూతురి వంక ప్రేమగా చూసి, పద్నాలుగు. అమ్మాయి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

జనవరి 13

స్పీచ్ థెరపిస్ట్ వచ్చింది. మా అమ్మాయికంటే చిన్నది. చాలా ఓపిక. మాటలన్నీ లోపలే ఉన్నాయట. తలుపు బిగుసుకుపోయిందట. గుమ్మంలో ఒక్క మాట ఇరుక్కుందట. ఏం చెప్పాలనుకున్నా అదే బయటికొస్తుందట. కొందరికి తిట్టు మిగులుతుంది, కొందరికి పిల్లల పేరు. మీ ఆవిడకి అంకె మిగిలింది, దానికి అర్థం వెతక్కండి అంది. మనం కూడా మూడు నాలుగు మాటల్లోనే మాట్లాడాలట. పొడుగు వాక్యాలు ఆమెకి చేరవు.

అర్థం వెతకొద్దని నాలాంటి వాడికి చెబితే ఎలా. కొలత తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో వెతకడమే నేను జీతం తీసుకుని చేసిన పని.

జనవరి 15

బావమరిది దిగాడు. వాళ్ళక్క పద్నాలుగు అనగానే డిటెక్టివ్ అయిపోయాడు. చిన్నప్పుడు వాళ్ళుండే ఇంటి నంబరు పద్నాలుగేమో అన్నాడు. కాదు, నలభై ఒకటని తనే గుర్తు తెచ్చుకున్నాడు. పద్నాలుగో ఏట ఏదో జరిగి ఉంటుందన్నాడు. ఏం జరిగిందంటే తెలియదు. మా పెళ్ళి మూడో తేదీ, అమ్మాయి పుట్టింది ఇరవై రెండు. మందులు పద్నాలుగు లేవు. అతను మాట్లాడినంత సేపూ మా ఆవిడ మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. చివరికి అతని చెయ్యి తట్టి, ఇక ఊరుకోరా అన్న స్వరంలో, పద్నాలుగు అంది.

జనవరి 17

ఇంటి మెట్లు లెక్కపెట్టాను. పదకొండు.

జనవరి 20

ఆమె సూదుల సంచీ హాస్పిటల్‌కి తెచ్చాను, చూస్తే ఊరటగా ఉంటుందని. తనే కుట్టుకున్న గుడ్డ సంచీ. విప్పితే చాపలాగా పరుచుకుంటుంది, జతకొక అర. అందులో ఉన్న ముప్పై మూడు జతలూ నేను చేసినవే.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆమె ఏడో నంబరు సూది విరిగిపోయింది. పెంచుకున్న పిల్లి చచ్చినంత బాధపడింది. నేను ఏమీ అనకుండా షెడ్డులోకి వెళ్ళి, నా చిన్న లేత్ మీద అల్యూమినియం కడ్డీతో ఒక జత తిప్పి, మొనలు పాలిష్ పట్టి, తలల మీద 7 అని పంచ్ కొట్టి మొదటి పెళ్ళిరోజుకి ఇచ్చాను. నాలుగు వరసలు అల్లి చూసి, కొన్నదానికంటే బాగుందని మురిసిపోయింది. మరుసటి ఏడు 8. ఆ పై ఏడు 6. తర్వాత 9, 5, 10, 4. పొట్టివి, పొడుగువి, ఇత్తడివి, రోజ్‌వుడ్‌వి. నగలూ వాచీలూ కొనిచ్చే మొగుళ్ళు వేరు. నేనిచ్చినది మిల్లీమీటరులో నూటికి రెండు వంతులు కూడా తేడా లేని సరుకు. ఎవరి ముందైనా చెప్పుకుంటాను. చెప్పుకున్నాను కూడా.

సంచీ చూడగానే ఎడమ చెయ్యి చాచింది. ఒక్కొక్క తలా తడిమింది. కుడి చెయ్యి కదల్లేదు.

జనవరి 24

ఇంటికి తెచ్చాం. అమ్మాయి ఇంకో వారం ఉంటుంది.

జనవరి 26, ఉదయం 11:00

చేతికంటిన దుమ్ము కూడా కడుక్కోకుండా రాస్తున్నాను.

ఆమె అల్లిక పుస్తకాల అలమర తుడుస్తున్నాను. డిజైన్లూ, ఏ నంబరు సూది వాడాలో, ఎన్ని కుట్లు వేయాలో ఉండే పుస్తకాలు. ఇన్నేళ్ళలో ఒక్కటీ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఒకటి చేతిలోంచి జారి తెరుచుకుంది. అట్ట లోపలి వైపు, పైన మూలగా, పెన్సిల్‌తో 14. చుట్టూ సున్నా.

ఇంకోటి తీశాను. 14. ఇంకోటి. 14. తొమ్మిది పుస్తకాలు, తొమ్మిదింట్లోనూ. పాతవాటిలో పెన్సిల్ వెలిసిపోయింది, అంటే ఇది నిన్నా మొన్నటిది కాదు.

పుస్తకం పట్టుకెళ్ళి ఆమెకి చూపించాను. ఇదేమిటి అన్నాను. ఆమె నా చేతిలోంచి లాక్కుని, ఎడమ చేత్తో గుండెకి హత్తుకుంది. దొంగతనం బయటపడిన పిల్లలాగా చూసింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ చూపు నేను చూడలేదు. నా దగ్గర ఏదో దాచింది.

జనవరి 27

ఏమేమో ఆలోచనలు. రాయను.

జనవరి 29, గురువారం, సాయంత్రం 6:00

తీరిగ్గా రాయాలి. మొదటినుంచీ రాయాలి. లేకపోతే రేపు నేనే నమ్మను.

ఊలు కొట్టావిడ కబురు చేసింది, ఒకసారి రమ్మని. ఆ కొట్టు వెనక గదిలో ప్రతి గురువారం ఆడవాళ్ళు చేరి అల్లుకుంటారు. మా ఆవిడ ఇరవై ఐదేళ్ళుగా అందులో ఉంది. వాళ్ళంతా కలిసి ఒక సంచీ తయారుచేశారు. ఒంటి చేత్తో అల్లడం నేర్పే పుస్తకం, పెద్ద పెద్ద బొమ్మలతో. నొక్కితే వరసలు లెక్కపెట్టే చిన్న మిషను. కుట్లకి గుర్తు పెట్టుకునే రంగు రంగుల రింగులు. కాస్త లావుపాటి మెత్తటి ఊలు, మూడు ఉండలు. బల్లకి బిగించుకునే ప్లాస్టిక్ క్లాంపు, ఒక సూదిని అది పట్టుకుంటే రెండోది ఎడమ చేత్తో ఆడించవచ్చు. అన్నీ ఒక్కొక్కటిగా తీసి చూశాను. క్లాంపు మాత్రం ఊగుతోంది. ఇది పనికిరాదు, ఇత్తడితో నేనే చేస్తానని చెప్పాను.

ఈ ఊలుకి ఎనిమిదో నంబరు సూది సరిపోతుందని ఊలు కొట్టావిడ అంది. ఎనిమిది నా దగ్గరుంది, నేను చేసిందే, ఆమె సూదుల సంచీ తెచ్చాను కూడా, అని తీసి బల్ల మీద పెట్టాను.

రిటైరయిన లెక్కల టీచరమ్మ అనవసరంగా దగ్గింది. ఊలు కొట్టావిడ అటు తిరిగి ఊలు సర్దుతూ, మామూలుగా అనేసింది.

"మీ ఎనిమిది కాదండీ. మీ ఆరు తీయాలి."

మీ ఆరు ఏమిటి అన్నాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. నాకు తెలిసే ఉంటుందనుకుందట, ఈ పాటికి. అప్పుడు డ్రాయర్లోంచి చిల్లుల పలక తీసింది, సూది ఏ చిల్లులో బిగువుగా దూరితే అది ఆ నంబరు. నా ఎనిమిది తీసి పెట్టింది. ఎనిమిదో చిల్లులో గలగలలాడింది. ఆరులో కూర్చుంది. నా ఆరు ఎనిమిదిలో దిగింది. నా తొమ్మిది ఐదులో. నా పది నాలుగులో. అద్దంలో చూసినట్టు, అన్నీ అటూ ఇటూ. ఏడు ఒక్కటే ఏడులో దిగింది.

అర్థమవడానికి నాకు అర నిమిషం పట్టలేదు. ఇంకెవరికైనా పట్టేదేమో. మా పనిలో నంబరు అంటే వైర్ గేజ్. తీగలకీ కడ్డీలకీ వాడే కొలత. అందులో నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. మాకది ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఎనిమిది అంటే నాలుగు మిల్లీమీటర్లు, ఇందులో అడగడానికేముంది. నేను అడగలేదు. ఆమె పుస్తకాల్లో లెక్క తలకిందులు. నంబరు పెరిగేకొద్దీ సూది లావెక్కుతుంది. రెండు లెక్కలూ ఏడు దగ్గర మాత్రం కలుస్తాయి. నా మొదటి జత ఏడు కావడం నా ఖర్మ. అది సరిగ్గా కుదిరింది కాబట్టి ఆ తర్వాత ఎవరినీ అడగాల్సిన అవసరం కనిపించలేదు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

కుర్చీలో కూర్చున్నాను. ఎవరో నీళ్ళిచ్చారు.

మిగతాది టీచరమ్మ చెప్పింది. మూడో ఏటికే మా ఆవిడ కిటుకు కనిపెట్టేసిందట. పుస్తకంలో ఉన్న నంబరుని పద్నాలుగులోంచి తీసేస్తే నా నంబరు వస్తుంది. పుస్తకం ఎనిమిది అంటే నా ఆరు. ఐదంటే నా తొమ్మిది. కొత్త పని మొదలుపెట్టిన ప్రతిసారీ గొణుక్కునేదట, పద్నాలుగులోంచి ఇంత, పద్నాలుగులోంచి ఇంత అని. మరిచిపోకుండా కొత్త పుస్తకం కొనగానే అట్ట లోపల వేసుకునేదట.

చెప్పలేదేం నాకు, అన్నాను. ఊలు కొట్టావిడ మా ఆవిడ మాటల్నే అప్పజెప్పింది. "కావలసిన సైజులన్నీ ఉన్నాయిగా. పేర్లే తారుమారయ్యాయి. ఆ మాత్రానికి ఆయన మొహం చిన్నబోవడం నేను చూడలేను" అందట. అందరిచేతా ఒట్టు వేయించుకుందట.

అందరూ అంటే అందరూ. ఐదేళ్ళ క్రితం కొట్టు ఇరవయ్యో ఏడు పండగలాగా చేసుకుంటే, నేను ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఎనిమిదో నంబరు జత కానుకగా ఇచ్చాను. ఊరికే ఇచ్చి ఊరుకున్నానా. టాలరెన్స్ అంటే ఏమిటో, కొలతలో ఎంత తేడాని ఒప్పుకోవచ్చో, కొలత పట్ల మనిషికి ఎంత భక్తి ఉండాలో, ఇరవై నిమిషాలు ఉపన్యాసం దంచాను. చప్పట్లు కొట్టారు. అక్కడ అందరికీ తెలుసు, నాకు తప్ప. టీచరమ్మ ఇంట్లో నా జత టమాటా మొక్కకి ఊతంగా నిలబడి ఉందట. పక్కనే అల్లుకుంటున్న బస్ కండక్టరమ్మ అప్పటికప్పుడు జుట్టు ముడిలోంచి తీసి చూపించింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. ఆ బల్లి నేనే.

ఎలా ఇంటికొచ్చానో గుర్తులేదు.

జనవరి 30

ఆమెతో మాట్లాడలేదు. మందులిచ్చాను. తల దువ్వాను. మాట్లాడలేదు.

జనవరి 31, ఉదయం

అమ్మాయి తిరిగి వెళ్ళింది. ఇద్దరమే మిగిలాం. ఆగలేక అడిగేశాను. నాకు ఎందుకు చెప్పలేదు? మూడు మాటలే, థెరపిస్ట్ చెప్పినట్టే.

అర్థమైంది. నా మొహం చూసింది, ఎంత తెలిసిపోయిందో కొలుస్తున్నట్టు. తర్వాత ఎడమ చేత్తో నా గడ్డం పట్టుకుని, చిన్నపిల్లాడిని బుజ్జగించినట్టు, పద్నాలుగు అంది.

కోపమొచ్చింది. ఒళ్ళు మండిపోయింది. జాలిపడి బతకనిచ్చిందా నన్ను, ముప్పై నాలుగేళ్ళు? గడ్డం విడిపించుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాను. తప్పు చేశాను. తప్పు సరిచేస్తాను. తప్పు సరిచేయడం నాకు వచ్చు.

ఫిబ్రవరి 2

చిల్లుల పలక తెచ్చుకున్నాను. ముప్పై మూడు జతలు. అందులో ఏడో నంబరువి నాలుగు, వాటి జోలికి వెళ్ళక్కర్లేదు. ఇరవై తొమ్మిది జతలు, యాభై ఎనిమిది తలలు. పాత నంబరు అరగదీసి, ఎమెరీ కాగితం పట్టి, సరైన నంబరు కొట్టాలి. ఉదయం ఆమె ఫిజియోథెరపీకి వెళ్ళే రెండు గంటల్లో చేస్తాను. ఆ క్లాంపు బదులు ఇత్తడి స్టాండు పని కూడా మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 6

ఇరవై ఆరు తలలు అయ్యాయి. వైర్ గేజ్ ఆరు 4.88. వాళ్ళ ఎనిమిది 5.00. మిల్లీమీటరులో నూటికి పన్నెండు వంతులు తక్కువ. నా టూల్ రూమ్‌లో అయితే చెత్తబుట్టలోకి వెళ్ళేది. ఊలుకి ఫరవాలేదట.

ఫిబ్రవరి 9

అయిపోయింది. అన్నీ పలకలో దూర్చి చూశాను. ఏ నంబరు ఆ చిల్లులోనే. స్టాండు కూడా పూర్తి. రాయి లాగా నిలబడింది. పది రోజుల తర్వాత ఇవాళ తల ఎత్తుకుని షెడ్డులోంచి బయటికొచ్చాను.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 12:30

నేను ఏం చేశాను.

స్టాండు ఆమె బల్లకి బిగించాను. వాళ్ళిచ్చిన లావు ఊలు పక్కన పెట్టాను. పుస్తకం తెరిచాను, సూది నంబరు 8 అని ఉన్న పేజీ. సంచీ విప్పి పరిచాను. అన్నీ సరిచేశాను, ఇక నీకు లెక్కలు అక్కర్లేదని చెప్పాను. పొడుగు వాక్యం. సంతోషంలో మరిచిపోయాను. ఆమె నా మొహంలో సంతోషం చూసి నవ్వింది.

పేజీ మీద వేలు పెట్టింది. 8. పెదాలు కదిలాయి. పద్నాలుగు. చెయ్యి ఏమాత్రం తడుముకోకుండా సంచీ మీదికి వెళ్ళి 6 తీసింది.

మాటలన్నీ పోయిన ఆ తలలో లెక్క మాత్రం తప్పకుండా నడుస్తోంది. కళ్ళారా చూశాను. చూసి కూడా ఇంకా మూర్ఖుడిలాగా నవ్వుతూనే ఉన్నాను.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూదిని దొర్లించింది. ఆగింది. తల మీద నంబరు చూసింది. పేజీ చూసింది. మళ్ళీ దొర్లించింది. అది సన్నగా ఉంది మరి, నేను మార్చాను కదా. కింద పెట్టేసి ఇంకో 6 తీసింది, ఇత్తడిది. అదీ సన్నమే. రోజ్‌వుడ్‌ది తీసింది. ఆమె మొహంలో రక్తం ఇంకిపోవడం చూశాను. నేను గబగబా 8 తీసి చేతిలో పెట్టాను, ఇది, ఇది తీసుకో అన్నాను. నంబరు చూసి, వద్దని తోసేసింది. సూదులన్నీ నేల మీద పడ్డాయి.

జబ్బు చేసినప్పటినుంచీ ఆమె ఏడవలేదు. ఇవాళ ఏడ్చింది.

ఫిబ్రవరి 11

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 12

పద్నాలుగు కూడా అనడం లేదు.

ఫిబ్రవరి 14

థెరపిస్ట్ గంటసేపు కూర్చుంది. బొమ్మలు చూపించింది, పాట అందించింది. ఆమె పెదవి విప్పలేదు. ఉన్న ఒక్క మాటా పోగొట్టుకోవడం మంచిది కాదు, ప్రయత్నం మానేస్తే తలుపు పూర్తిగా మూసుకుపోతుందని ఆ పిల్ల నాతో వరండాలో అంది. ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగింది. ఏమీ జరగలేదన్నాను. అరవై ఆరేళ్ళ వయసులో, ఆ పసిపిల్ల మొహం మీద అబద్ధమాడాను.

ఫిబ్రవరి 16, ఉదయం 10:20

ఆమె ఫిజియోకి వెళ్ళాక పక్క దులుపుతుంటే దిండు కింద పుస్తకం దొరికింది. అదే పేజీ. అంచు వెంట పైనుంచి కిందిదాకా పెన్సిల్ గీతలు. ఎడమ చేతి రాత, మాటల్లేవు, అంకెలూ గుర్తులే పడుతూ లేస్తూ ఉన్నాయి.

14లోంచి 8 పోతే 6. 14లోంచి 8 పోతే 6. 14లోంచి 8 పోతే 6.

పేజీ అంచు అయిపోతే తిప్పి రెండో వైపు. పదిహేడు సార్లు. తప్పెక్కడుందో వెతుక్కుంది. మాటలాగే లెక్క కూడా తనని వదిలేసిందనుకుంది. పదిహేడు సార్లూ సరిగ్గానే వేసింది.

తప్పు సరిచేశానని మురిసిపోయాను. సరిచేసింది నా పరువుని. ఆమె దగ్గర మిగిలిన ఒకే ఒక్క దారిలో గొయ్యి తవ్వాను.

సాయంత్రం 4:00

చెప్పి చూశాను. నంబర్లు నేను మార్చాను, నీ తప్పు కాదు, అని. చిన్న చిన్న ముక్కలుగా, మళ్ళీ మళ్ళీ చెప్పాను. సూది తల చూపించి సైగ చేశాను. నా పెదాల వంక కాసేపు చూసింది, అలిసిపోయి అటు తిరిగి పడుకుంది. మాటలతో అయ్యేది కాదు.

ఫిబ్రవరి 17

యాభై ఎనిమిది తలలు. మళ్ళీ అరగదీయాలి. పాత నంబర్లే మళ్ళీ కొట్టాలి. తప్పు నంబర్లు.

ఫిబ్రవరి 21

పద్దెనిమిది తలలు రెండో అరగదీతకి నిలవలేదు, కాగితంలా పల్చబడ్డాయి. కొత్త తలలు తిప్పి బిగిస్తున్నాను. కొత్తవి మెరుస్తున్నాయి. ఆమె వేలికి తేడా తెలిసిపోతుంది. బూడిదతో రుద్ది, ఉప్పునీళ్ళలో నానబెట్టి పాతబరుస్తున్నాను. మంచి పనివాడిగా పేరు తెచ్చుకున్నాక ముసలితనంలో దొంగ సరుకు తయారుచేసే పనిలో పడ్డాను.

ఊలు కొట్టావిడ చూడ్డానికొచ్చింది, షెడ్డు దాకా వచ్చింది. అంతా చెప్పేశాను, థెరపిస్ట్‌కి చెప్పిన అబద్ధంతో సహా. స్టూలు లాక్కుని కూర్చుని, సాయంత్రం దాకా ఎమెరీ పట్టి పెట్టింది.

ఫిబ్రవరి 23

థెరపిస్ట్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఎప్పటికి పూర్తవుతుంది అని మాత్రం అడిగింది.

ఫిబ్రవరి 27

చేతికి కట్టు. ఆకురాయి జారి తెగింది. ఇంకా పదకొండు తలలు మిగిలాయి.

మార్చి 3, ఉదయం 9:45

రాత్రి పడుకునే ముందే సంచీ ఆమె కుర్చీ పక్కన, ఎప్పుడూ ఉండే చోట పెట్టాను. చూపించలేదు, చెప్పలేదు.

పొద్దున్న టీ తాగాక చాలాసేపు దాని వంక చూసింది. నేను గుమ్మం పక్కన, కనపడకుండా నిలబడ్డాను. ఎడమ చేత్తో ముడి విప్పింది. పుస్తకం ఒళ్ళోకి లాక్కుంది. భయం భయంగా 6 తీసింది, వేడి గిన్నె ముట్టుకున్నట్టు. కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య దొర్లించింది.

ఒకసారి. ఇంకోసారి. ఇంకొకటి తీసి దొర్లించింది. 9 తీసింది, 5 తీసింది, 10 తీసింది. అన్నీ వరసగా సరిచూసుకుంది, నేను టూల్ రూమ్‌లో చూసుకున్నట్టే. కళ్ళు తెరిచి, ఎదురుగా ఖాళీ గోడకి, గట్టిగా చెప్పింది. పద్నాలుగు.

గోడ పట్టుకుని నిలబడ్డాను. నాకూ ఏడుపు వస్తుందని ఇవాళ తెలిసింది.

థెరపిస్ట్‌కి చెబితే ఫోన్లో అరిచినంత పని చేసింది. సాయంత్రం వస్తానంది.

మార్చి 12, గురువారం

ఇత్తడి స్టాండులో ఒక సూది, ఎడమ చేతిలో ఒకటి. పన్నెండు కుట్లు, ఐదు వరసలు. నాలుగో వరసలో ఒక కుట్టు జారిపోయింది. అది కిందే ఉండిపోవడం నేను చూశాను. ఆమె తలెత్తి నా వంక చూసింది.

చాలా బాగుంది అన్నాను.